లోపలి చెయ్యి

మేకుల్లేని పడవలు మావి.
తాతకి మేకంటే పడేది కాదు.
"ఇనుము ఉప్పుకి లొంగిపోతాదే, బంగారీ,
తాడు లొంగదు. వంగుతాది."

వంశధార సముద్రంలో పడే చోట
కళింగపట్నం ఇసుక మీద
ఒక కుట్టుకి ఇద్దరు కావాలి.
బయట మా తాత, గనగళ్ల ఎల్లాజి.
పడవ లోపల, ఎనిమిదేళ్ల నేను.

చెక్క అంచున చిల్లు,
చిల్లులోంచి తాడు కొస
ఎలక ముక్కులా తొంగిచూసేది.
కాలు చెక్కకి తన్నిపెట్టి లాగాలి,
కొబ్బరి పీచు కట్ట మీంచి మళ్లించి
పక్క చిల్లులోంచి బయటికి పంపాలి.
ఆయన మొహం నాకు కనపడదు.
దగ్గు వినపడేది. చుట్ట వాసన వచ్చేది.
"బిగించినావా?"
"బిగించినాను."
"అబద్దం."
తాడే చెప్పేసేది, అటు చివర ఆయన అరచేతికి.

ఊరి చరిత్ర అడిగితే
పెద్దలు ఓడల గురించి చెప్తారు,
తెరచాపలు, నోరు తిరగని పేర్ల దొరలు,
నువ్వులు, జనపనార.
ఓడ ఒడ్డుకు రాలేదని మాత్రం చెప్పరు.
అలల అవతలే నిలబడిపోయేది,
గుర్రం దిగడం తెలీని పెళ్లికొడుకులా.
బస్తాలూ, దొరలూ, ఒకసారి ఎవరిదో పియానో
మా కుట్టు పడవల్లోనే ఇసుక తొక్కాయట.
అల కొడితే మేకుల పడవ విరిగేది.
మాది ఒళ్లు వదులు చేసి
మళ్లీ దగ్గరకి తీసుకునేది.
తాతకి వాళ్ల తాత చెప్పిన మాట ఇది.
పియానో సంగతి నేను నమ్మలేదు.

మామిడి మాను కోసం
ఏటికి ఎదురు, హిరమండలం దాకా నడిచేవారు.
కాపు ఆగిన చెట్టునే బేరమాడేవారు,
కాసే చెట్టుని కొడితే పడవ ఏడుస్తుందని.
వరద నీటికి దుంగలు వదిలేస్తే
ఇల్లు వెతుక్కుంటూ అవే వచ్చేవి.
ఒకటీ అరా ఎవరి పొయ్యిలోనో తేలేవి.

కొలతకి కాగితం లేదు. తాత మూర, తాత జాన.
తాత పొట్టి, మా పడవలూ పొట్టి.
అవతలి ఒడ్డు వాళ్లవి పొడుగు,
వాళ్ల మేస్త్రీ చేతులు మోకాళ్లు దాటేవి మరి.

ఏటేటా పడవని విప్పేవాళ్లం.
తాడు కోసేసి, పలకలు ఇసుక మీద పరిచి,
పుచ్చినవి పక్కన పడేసి
మిగిలినవి మళ్లీ కుట్టడం.
అందుకే ఏ పడవ వయసూ ఎవరికీ తెలీదు.
మా పెద్దదాని అడుగు పలక
తాత పెళ్లికి ముందుదట.
ఎడం పక్క రెండోది
తుఫానులో పోయిన చిన్నాయన పడవది,
పలక ఒక్కటే ఒడ్డుకొచ్చింది.
అక్కడికి కుట్టు వచ్చినప్పుడు
బిగించినావా అని అడిగేవాడు కాదు.

ఒక శుక్రవారం లారీ మీద
తెల్లటి ఫైబరు పడవ దిగింది.
అతుకు లేదు, చిల్లు లేదు.
తాత చుట్టూ తిరిగి, వేలి కణుపుతో కొట్టి
"బాల్చీ" అన్నాడు.
పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాడు కానీ.
"బాగుందిరా," అన్నాడు చివరికి మా అన్నతో,
"లోపల మనిషక్కర్లేదు."

పెద్దదాన్ని ఆ ఏడు విప్పాం.
మళ్లీ కుట్టలేదు.
కొన్ని పలకలు మేకల దొడ్డికి తలుపయ్యాయి,
వాటికి మాత్రం మేకులు కొట్టాం, తాత లేనప్పుడు.
పొద్దుటి ఎండకి చిల్లుల వరస
పెంటికల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది.

మొన్న దొడ్డి ఊడుస్తున్నాను.
రెండో పలకలోంచి వేలు ఒకటి తొంగిచూసింది,
మనవరాలిది, ఎలక ముక్కులా.
ఆలోచించలేదు నేను.
కాలు తలుపుకి తన్నిపెట్టి పట్టుకున్నాను.
కెవ్వుమంది. మేకలన్నీ లేచాయి.
అటునుంచి కాసేపు చప్పుడు లేదు,
వేలు వెనక్కి తీసుకోనూ లేదు.
"ఎవురే," అంది మెల్లగా,
"ఎవురే లోపల?"